పిలుపు గోపమ్మకే వచ్చింది

గుర్వయ్య పెద్దనాయిన గురించి మా మక్తల్ వైపు రెండు మాటలు తిరుగుతుంటాయి. ఒకటి, ఆయన విమానమెక్కి పోయి దొరల హోటల్లో పద్నాలుగు రకాలు తిని వచ్చాడని. రెండోది, పెళ్లాం పోయి రెండు నెలలు నిండకముందే ఆ తిండికి పోయాడని. మొదటిది చెప్పేటప్పుడు నవ్వుతారు, రెండోది చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. రెండూ నిజమే. విమానంలో ఆయన పక్క సీట్లో కూర్చున్నది నేను. ఆ పద్నాలుగు రకాలు ఆయన ముందు పెట్టినప్పుడు పక్కనే ఉన్నదీ నేనే. కాబట్టి మిగిలింది చెప్పాల్సిన పని కూడా నా మీదే పడింది. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని కడుపులో పెట్టుకుని ఆయన తప్పు ఒక్కటే చెబితే న్యాయం కాదు.

నా పేరు స్నేహలత. మాది కేతేపల్లి, వరి పండించే ఇల్లు. గొర్రెకూ మేకకూ తేడా తెలుసు, అంతకు మించి తెలియదు. అలాంటి నన్ను తెచ్చి మక్తల్‌లో ఉన్ని సంఘం ఆఫీసులో కూర్చోబెట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో కురుమల ఇళ్లలో వడికిన నల్ల ఉన్ని నూలు, నేసిన గొంగళ్లు తీసుకుని బయటివాళ్లకు అమ్మిపెట్టడం సంఘం పని. వచ్చిన ఉత్తరాలకు ఇంగ్లిషులో జవాబు రాయడం నా పని.

గుర్వయ్యకు అరవై దాటాయి. ఎంత దాటాయన్న దాని మీద ఆయనకూ ఆధార్ కార్డుకూ కుదరదు. పన్నెండేళ్లప్పటి నుంచి మంద వెంట తిరిగాడు. ఎండాకాలం వస్తే గొర్రెల్ని కృష్ణ దాటించి రాయచూరు వైపు తోలుకుపోవడం, కోసిన చేలల్లో మంద పెట్టడం, తొలకరికి తిరిగి రావడం. వానాకాలమంతా ఇంట్లో గుంత మగ్గం మీద కూర్చుని గొంగళ్లు నేయడం. నలభై ఏళ్లు అట్లాగే నడిచింది. ఇప్పుడు మంద వెంట కొడుకులు పరమేష్, అంజన్న పోతున్నారు. మందలో కూడా సగం సర్కారు పంచిన ఎర్ర గొర్రెలే, వాటికి ఉన్ని రాదు. గొర్రెల్ని పిలవడానికి గుర్వయ్య దగ్గర పదిరకాల నాలుక చప్పుళ్లు ఉన్నాయి. మనుషులతో మాట్లాడే మాటలు అంతకంటే తక్కువ.

గోపమ్మ ఆయన భార్య. కురుమల ఇళ్లలో ఉన్ని ఏకి, రాట్నం మీద వడకడం ఆడవాళ్ల పని, నేయడం మగవాళ్ల పని. గొంగడి కొన్నవాళ్లు నేసినవాడి పేరు అడుగుతారు. వడికినామె పేరు అడిగినవాళ్లను నేను చూడలేదు. గోపమ్మ నూలు ఎక్కడా లావు సన్నం కాకుండా, చేతిలో పడితే బరువు తెలియకుండా ఉండేది. తల్లి చచ్చిన గొర్రెపిల్లల్ని కూడా ఆమే సాకేది. పాలలో వేలు ముంచి చీకించేది. పాలు మరవని పిల్లను కోసిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని ఆమె పంతం. చుట్టాలిళ్లలో ఈ పంతం వల్ల ఒకటి రెండు పెళ్లిళ్ల నుంచి భోజనం చేయకుండానే తిరిగొచ్చిందట.

రెండేళ్ల కిందట సంక్రాంతి దాటాక ఆమె వడుకుతుండగా నేను నా ఫోన్‌లో వీడియో తీసి సంఘం పేజీలో పెట్టాను. రెండు నిమిషాల వీడియో. చేతులు, రాట్నం, దారం, అంతే. దాన్ని చూసి ఇటలీ దేశంలో ఉన్ని పండగ జరిపేవాళ్లు రాశారు. ఈ చేతులున్న ఆమెను మే నెలలో మా దగ్గరికి పంపండి, ఆమెకు ఒక టికెట్టు, మాట చెప్పడానికి తోడుగా వచ్చేవాళ్లకు ఒక టికెట్టు ఇస్తాం అని.

నేను వెంటనే ఫోన్ చేశాను. ఆ ఇంట్లో ఫోన్ గుర్వయ్య జేబులో ఉంటుంది. ఆయనకు చెవి కొంచెం మందం. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకోడు. అరచేతిలో అద్దంలాగా పట్టుకుని, స్పీకర్ పెట్టి మాట్లాడతాడు. ఆయన సంగతులు సగం ఊరికి అట్లా తెలుస్తుంటాయి.

“పెద్దనాయినా, ఇటలీ దేశం నుంచి పిలుపొచ్చింది. పెద్దమ్మకు. ఆమె వడికేది సూడాల్నంట. విమానం టికెట్టు వాళ్లే ఇస్తరు, నేను తోడొస్త” అన్నాను.

అవతల రాట్నం తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

“ఉండు బిడ్డా” అన్నాడు. నడిచిన చప్పుడు, తలుపు చప్పుడు, కుక్కలు మొరగడం. రాట్నం ఇక వినబడలేదు. బజారులోకి వచ్చాడని అర్థమైంది.

“ఆమె ఏడొస్తది బిడ్డా? మోకాళ్లు నొస్తయి. బస్సెక్కితేనే కక్కుకుంటది. నా పేరు రాసుకో.”

“పిలిచింది పెద్దమ్మను గద.”

“గొంగడి నేసేది నేను గద” అన్నాడు. మళ్లీ తనే, “ఆమెకు చెప్పకు. మనసుల పెట్టుకుంటది” అన్నాడు.

పేరు పంపడానికి రెండు రోజులే గడువు ఉంది. వడికే ఆమె రాలేరు, ఆమె భర్త వస్తారు, ఆయన నేతగాడు అని రాశాను. సంతోషం అని జవాబు వచ్చింది. గోపమ్మను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది. అడిగితే వాళ్లింట్లో మాటా మాటా పెరుగుతుంది, నా పని ఆగిపోతుంది అనుకుని ఊరుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పాస్‌పోర్టు కాగితాలు పట్టుకుని వాళ్ల ఊరికి పోయాను. గుర్వయ్య మంద దగ్గరికి పోయాడు. గోపమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి, చేతులకు అంటిన ఉన్ని దులుపుకుని, చాప వేసింది. ముఖం కళగా ఉంది.

“పాసుపోటు ఎన్ని దినాలకొస్తది బిడ్డా?” అని అడిగింది.

“నెల పడుతది పెద్దమ్మా. పెద్దనాయిన సంతకాల కోసమే వచ్చిన. ఆయన ఫోటోలు గూడ దిగాలె” అన్నాను.

ఆమె కొంచెంసేపు కాగితాల వైపు చూసింది. తర్వాత “మంచిది” అని లోపలికి పోయి చల్ల తెచ్చి ఇచ్చింది. “ఆడ సలి ఉంటదా?” అని అడిగింది. ఉంటుందన్నాను. “అట్లయితే గొంగడి పట్కపొమ్మను” అంది.

గుర్వయ్యను మక్తల్‌లో స్టూడియోకి తీసుకుపోతే అదొక తతంగం. తలకు చుట్టిన రుమాలు తీయనంటాడు. చెవులు రెండూ కనబడాలి, వెనక తెల్లగా ఉండాలి, లేకపోతే ఫోటో తిప్పి పంపుతారని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నెత్తి బోడిగా ఎట్ల దిగుతరు ఫోటో అని ఆయన, సర్కారు రూలు అని నేను. చివరికి తీశాడు.

మార్చిలో ఒక పొద్దున గోపమ్మ గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతూ దొడ్డిలోనే కూలబడింది. మహబూబ్‌నగర్ దవాఖానకు పోయేసరికే ప్రాణం లేదు. గుండె అన్నారు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. మా వైపు అందరిదీ అదే పద్ధతి. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడాలి. పిట్ట వచ్చి ముట్టిందంటే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరు ముందుకొచ్చి ఆ మిగిలిందేమిటో ఊహించి మాట ఇస్తారు.

జొన్నరొట్టె, పుంటికూర, తలకాయ కూర, కొంచెం కల్లు పెట్టారు. చేను గట్టున తుమ్మ చెట్టు మీద నాలుగు కాకులు ఉన్నాయి. దిగలేదు. పరమేష్ ముందుకొచ్చి, “అమ్మా, తమ్ముని పెండ్లి నేను చేస్త, ఫికర్ చెయ్యకు” అన్నాడు. దిగలేదు. కూతురు నాగరాణి ఏడ్చుకుంటూ, “నీ రాట్నం నేను పెట్టుకుంట అమ్మా” అంది. దిగలేదు. కులపెద్ద కిష్టయ్య వచ్చి, నల్లగొర్రెలను అమ్మనియ్యనని మాట ఇచ్చాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అందరూ గుర్వయ్య వైపు చూశారు. ఆయన నోరు తెరవలేదు. ఆయనకు చెప్పాల్సింది ఒకటే ఉంది. ‘పిలుపు నీకే వచ్చింది, నేనే అడ్డం పడ్డ’ అని. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు. కొడుకుల ముందర, కులపోళ్ల ముందర అది చెప్పలేకపోయాడు. నేను చెప్పలేదా అంటే, నేనూ చెప్పలేదు. ఆఖరికి ఆ విస్తరి తీసి ఆవుకు పెట్టారు.

ఇంటికొచ్చేసరికి గోడకు గోపమ్మ ఫోటో పెద్దది చేయించి పెట్టారు. ఆధార్ కార్డు ఫోటోలో మనిషి ఆనవాలే ఉండదు, ఇది మటుకు చక్కగా వచ్చిందని వచ్చినవాళ్లు అన్నారు. తెల్లని గోడ ముందు, కొంగు వెనక్కి జరుపుకుని, తల నిటారుగా పెట్టి సూటిగా చూస్తోంది. గుర్వయ్య దాని ఎదురుగా గోడకు ఒరిగి కూర్చున్నాడు. పెట్టింది తిన్నాడు. ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని అడిగితే, “ఏమో బిడ్డా, నోటికి తెలుస్తలేదు” అన్నాడు. ఏడవలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఏడవలేదు.

“ప్రయాణం రద్దు చేద్దామా పెద్దనాయినా?” అని అడిగాను.

“పోత” అన్నాడు. పరమేష్ మూడు రోజులు తండ్రితో మాట్లాడలేదు. అంజన్న ఊరివాళ్లకు ముఖం చూపించలేక మంద వెంట ఉండిపోయాడు. నాకు కూడా కోపం వచ్చింది. ఇంత జరిగాక ఇంకా ఆ సోకు ఏమిటనుకున్నాను. పైకి అనలేదు. టికెట్లు వచ్చేశాయి, ఆఫీసు వాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి.

విమానంలో ఆయన కిటికీ వైపు కూడా చూడలేదు. బెల్టు పెట్టుకోమంటే పెట్టుకున్నాడు, తీయమంటే తీశాడు. ఒళ్లో గొంగడి మడత పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఊరు మంచు కొండల కింద ఉంది. ఊరి పేరు ఆయనకు నోరు తిరగదు, నాకూ సరిగా తిరగదు. పండగలో ఒక బల్ల మీద ఆయన నేసిన గొంగళ్లు పరిచి ఆయనను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లు నేత మీద చేయి వేసి చూసి, దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, ఒకటే అడిగారు. ఈ నూలు ఎవరు వడికారు అని. మొదటిరోజు పదిమంది అడిగి ఉంటారు.

“నా భార్య” అన్నాడు ప్రతిసారీ.

ఆమె ఎక్కడున్నారని ఒకావిడ అడిగింది. నేను తలవంచుకుని ఆ మాట ఆయనకు తెలుగులో చెప్పాను.

“ఇంటికాడ ఉన్నది” అన్నాడు. అట్లాగే చెప్పాను.

మూడోరోజు మధ్యాహ్నం భోజనానికి తీసుకుపోయారు. పండగ పెద్ద మార్తా అనే ఆవిడ మమ్మల్ని వ్యానులో ఎక్కించుకుంటూ, ఆ హోటల్లో కూర్చోవాలంటే ఎనిమిది నెలల ముందు చెప్పుకోవాలని, ఎక్కడెక్కడి నుంచో విమానాల్లో వచ్చి తిని పోతారని చెప్పింది. రాతిగోడల పాత ఇల్లు. లోపల పది బల్లలే ఉన్నాయి. గట్టిగా మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. దవాఖానలో లాగా అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మేము ఆరుగురం. బల్ల మీద ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు, మూడు కత్తులు, మూడు ముళ్ల చెంచాలు.

మొదట ఒక నల్లరాయి తెచ్చి ముందు పెట్టారు. దాని మీద గోరంత ఏదో ఉంది.

“ఏది తినాలె?” అన్నాడు.

“పైన ఉన్నది పెద్దనాయినా. రాయి కాదు.”

ఆయన నవ్వలేదు. నేను మాత్రం నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగాను. గోరంత ఉన్నదాన్ని ఆయన చెంచాతో రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, ఇంకొకటి రాయి అంచుకు జరిపాడు. తెల్లచొక్కా మనిషి వచ్చి రాయి ఎత్తుకుపోయాడు.

తర్వాత చిన్న గిన్నెలో పచ్చని చారు లాంటిది. సగం తాగి, గిన్నె పక్కకు జరిపాడు. ఎత్తుకుపోయారు. తర్వాత ఆకు మీద చేప. ఒక వేలెడంత తీసి అంచున పెట్టాడు. ముగ్గురు మనుషులు ఒకేసారి వచ్చి ఆరు పళ్లాలూ ఒకేసారి లేపారు. గుర్వయ్య పళ్లెం అంచు పట్టుకున్నాడు. తెల్లచొక్కా అతను నవ్వి ఆగాడు, నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

“తింటే తిను, లేకుంటే ఇడ్సిపెట్టు పెద్దనాయినా. గిట్ల సగం సగం ఏంది?” అన్నాను కసురుతున్నట్టుగానే.

ఆయన చేయి తీశాడు. పళ్లెం పోయింది. నచ్చలేదేమో, మర్యాదకు కొంచెం కొంచెం తింటున్నాడనుకున్నాను. అట్లా ఏడెనిమిది రకాలు వచ్చిపోయాయి. తెచ్చిన ప్రతిసారీ అది ఏమిటో, ఏ కొండ మీద పుట్టిందో ఒక మనిషి నిలబడి చెబుతాడు. నేను ముక్కలు ముక్కలుగా తెలుగులో చెబుతాను. గుర్వయ్య తల ఊపుతాడు. మధ్యలో వెచ్చని రొట్టె పెట్టారు. కాసేపటికి చూస్తే ఆయన రొట్టె లేదు. హమ్మయ్య, ఒక్కటైనా నచ్చిందనుకున్నాను.

అప్పుడు ఆ హోటలుకు పేరు తెచ్చిన వంటకం వచ్చింది. గాజు మూత తీస్తే పొగ లేచింది. ఎండుగడ్డి వాసన. గడ్డి పరిచి, దాని మీద పెట్టిన రెండు చిన్న ఎముకల మాంసం. మా ఊళ్లో గడ్డివాము దగ్గర నిలబడినట్టే అనిపించింది నాకు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని వాసన చూశారు.

గుర్వయ్య ముళ్ల చెంచా ముట్టలేదు. ఎముకను రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం లేపి, వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్లీ గడ్డి మీద పెట్టేశాడు. చేతులు తుడుచుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

అందరి పళ్లాలూ ఖాళీ అయ్యాయి. ఆయనది అట్లాగే ఉంది. అది ఆ హోటల్లో పెద్ద విషయమే అయినట్టుంది. కాసేపటికి వంట పెద్దాయనే స్వయంగా బయటికొచ్చాడు. సన్నగా, తెల్లగడ్డంతో ఉన్నాడు. ఆయన బొమ్మ బయట గోడ మీద ఉంది. నడుము వంచి, ఏమైనా లోపం జరిగిందా అని గుర్వయ్యను అడిగాడు. నేను చెప్పాను.

గుర్వయ్య ఆయన ముఖంలోకి చూసి, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

“ఇది నెలన్నర పిల్ల. ఇంకా గడ్డి నోట్ల పెట్టలే. గడ్డి తినని పిల్లను గడ్డిల వండిండ్రు.”

మార్తా నా వైపు చూస్తోంది. బల్ల అంతా చూస్తోంది. ఆయన భార్య ఈ మధ్యే చనిపోయారు, ఆకలి లేదంటున్నారు అని చెప్పాను. వంట పెద్దాయన గుండె మీద చేయి పెట్టుకుని ఏదో అన్నాడు.

“ఏం చెప్పినవ్?” అన్నాడు గుర్వయ్య.

“పెద్దమ్మ పోయిందని చెప్పిన.”

ఆయన తల ఊపి లేచాడు. తోటలోకి తెరిచి ఉన్న తలుపు వైపు నడిచాడు. చేతులు కడుక్కునే చోటు ఎక్కడో తెలియక పోతున్నాడనుకుని నేను వెనకాలే పోయాను.

తోట చుట్టూ మోకాలెత్తు రాతిగోడ ఉంది. అటు పక్క కూడా రెండు మూడు బల్లల దగ్గర మనుషులు కాఫీలు తాగుతున్నారు. గుర్వయ్య తల రుమాలు విప్పాడు. దాని కొసకు చిన్న మూట కట్టి ఉంది. మూట విప్పితే అందులో ఇందాకటి రొట్టె. దాన్ని రెండుగా విరిచి గోడ మీద పెట్టాడు. నీళ్ల గ్లాసు ఎప్పుడు తెచ్చాడో, రొట్టె చుట్టూ నీళ్లు తిప్పి పోశాడు. ఏడడుగులు వెనక్కి నడిచి వచ్చి, బోడితలతో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు నాకు అర్థమైంది. రాయి అంచున జరిపిన గోరంత ముక్క, గిన్నెలో సగం చారు, పట్టుకుని వదలని చేప పళ్లెం. ప్రతి దాంట్లోనూ గోపమ్మ వంతు తీసి పెడుతూ వచ్చాడు. ప్రతిసారీ ఎత్తుకుపోయారు. రొట్టె ఒక్కటే దాచుకోగలిగాడు. నేనేమో అందరి ముందర కసిరాను.

ఆయన ఊపిరి పీల్చుకోవడం వినబడింది. “గోపమ్మా” అన్నాడు.

ఆ ఒక్క మాటే అన్నాడు. అంతలోనే పిచ్చుకలు దిగాయి. ఒకటి కాదు, పది. కాఫీ బల్లల కింద తిరుగుతున్నవన్నీ వచ్చి రొట్టె మీద పడ్డాయి. నిమిషంలో గోడ మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు. ఒకటి వచ్చి ఆయన బూటు దగ్గర పడిన పొడి కూడా ఏరుకుని పోయింది.

నాకు ఏడుపు వచ్చింది. “ముట్టింది పెద్దనాయినా. పిట్ట ముట్టింది” అన్నాను.

ఆయన కాఫీ బల్లల వైపు చూశాడు. అక్కడ ఒకాయన బిస్కెట్టు చిదిపి విసురుతుంటే అవే పిచ్చుకలు అక్కడా తింటున్నాయి.

“నేనింక చెప్పనే లేదు బిడ్డా” అన్నాడు. “ఇవి ఎవలు పెట్టినా తింటయి.”

“ఏం చెప్దామనుకున్నవ్?”

“నీకు ఎర్కే గద.”

రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. “ఈడ చెప్తే ఎవలకు తెలుస్తది? నీకు నాకు తప్ప ఎవలకు సమజ్ కాదు. అందుకే ఈడ చెప్తే అల్కగ ఉంటదని వచ్చిన. ఇంటికాడ నోరు రాలె. తప్పిచ్చుకుందామనే వచ్చిన నేను” అన్నాడు.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. తీపివి ఇంకా నాలుగు రకాలు వచ్చాయి. అన్నీ పూర్తిగా తిన్నాడు. ఏదీ పక్కకు తీయలేదు. ఎట్లుందని మార్తా అడిగితే, మంచిగుంది అన్నాడు. నోటికి ఏమీ తెలియలేదని నాకు తెలుసు.

మేము తిరిగొచ్చిన రోజు ఆ ఇంట్లో జనం నిండిపోయారు. కోపంగా ఉన్నవాళ్లు కూడా వచ్చారు. విమానం సంగతి వినకుండా కోపం ఎంతసేపు నిలుస్తుంది? పరమేష్ గడప దగ్గర నిలబడ్డాడు. అంజన్న మందను పక్కవాళ్లకు అప్పజెప్పి వచ్చాడు. కిష్టయ్య చాప మధ్యలో కూర్చుని, “ఆడ ఏం తిన్నవ్ గుర్వయ్యా? గది చెప్పు ముందుగాల” అన్నాడు.

నాగరాణి పళ్లెంలో జొన్నరొట్టె, పుంటికూర పెట్టి తండ్రి ముందు పెట్టింది. గుర్వయ్య పళ్లెం వైపు చూశాడు. ఫోటో వైపు చూడలేదు.

“నన్ను పిలువలే వాళ్లు” అన్నాడు. “పిలుపు మీ అమ్మకే వచ్చింది. మోకాళ్ల నొప్పులని నేను చెప్పిన. మీ అమ్మ చెప్పలే, నేనే చెప్పిన. నా పేరు రాపిచ్చుకున్న. ఆమెకు ఎర్క కాకుండ చేసిన. పిట్ట గందుకే ముట్టలే.”

పరమేష్ గడప మీద కూర్చుండిపోయాడు. నేను లేచి, రాసింది నేనేనని, నేను కూడా పెద్దమ్మను అడగలేదని చెప్పాను. నా మాట ఎవరూ విన్నట్టు లేదు.

నాగరాణి తండ్రికి ఎదురుగా చాప మీద కూర్చుంది.

“బాపు, గా ఫోటో ఎన్నడు దిగిందని నువ్వు అడిగినవా?” అంది.

గుర్వయ్య అప్పుడు తలెత్తి గోడ వైపు చూశాడు. నేనూ చూశాను. రెండు నెలల్లో ఆ ఇంటికి అన్నిసార్లు వచ్చి కూడా సరిగా చూడలేదు. వెనక తెల్లగా ఉంది. కొంగు వెనక్కి జరిగి చెవులు రెండూ కనబడుతున్నాయి.

“నువ్వు ఫోన్ల మాట్లాడంగ అమ్మ రాట్నం కాడనే ఉన్నది. స్నేహలత మేడం అన్నది ఇన్నది. పెద్దమ్మకు పిలుపొచ్చిందని. నువ్వు బజార్లకు పోయినంక ఏమన్నవో ఇనలే. తెల్లారి నన్ను మక్తల్ తోల్కపొమ్మన్నది. బస్సుల కక్కుకుంట వచ్చింది. ఫోటో దిగినంక బజార్ల మిర్చీలు తిన్నం ఇద్దరం. బాపుకు చెప్పకు, ఆయన నోటితోని ఆయన చెప్పంగ అప్పుడు తీసిస్త అన్నది.”

లేచి, పెట్టె తెరిచి చిన్న కవరు తెచ్చింది. అందులో ఏడు ఫోటోలు ఉన్నాయి. ఎనిమిదోది పెద్దది చేయించడానికి ఇచ్చారు.

పాసుపోటు ఎన్ని దినాలకొస్తది బిడ్డా అని గోపమ్మ అడిగింది తన కోసం. పెద్దనాయిన సంతకాల కోసం వచ్చానని చెప్పి, ఆమె ఇచ్చిన చల్ల తాగి, నేను లేచి వచ్చాను.

గుర్వయ్య ఏడు ఫోటోలూ పళ్లెం పక్కన చాప మీద వరుసగా పరిచాడు.

“మల్ల నన్నెందుకు అడగలే?” అన్నాడు.

“నువ్వు చెప్తవని చూసింది” అంది నాగరాణి. “సచ్చిపోయే దినం పొద్దుగాల గూడ, మీ బాపు ఇంక చెప్పలే బిడ్డా అన్నది.”

ఆయన అప్పుడు ఏడ్చాడు. గట్టిగా కాదు. రుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కిష్టయ్య లేచి ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు. నాగరాణి రొట్టె చల్లారిపోయిందని పళ్లెం తీసుకుని లోపలికి పోయి, వేరేది కాల్చుకొచ్చింది. గుర్వయ్య ఒక తుంట విరిచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, “ఉప్పెక్కువైంది” అన్నాడు.